రెండో చుక్క

ఏ ఇంటికి వెళ్లినా వకుళను ముందుగా పసిగట్టేది ఆ ఇంటి ఊపిరిపెట్టె. ఆమె గడప దాటగానే, గోడకు తగిలించి ఉన్న ఆ టార్చిలైటంత పరికరం తెర మీద ఒక నీలం చుక్క మొలిచేది. దాని కింద అక్షరాలు: ‘కొత్త ఊపిరి. చేర్చాలా?’ ఇంటావిడ తడిచేతులు చీరచెంగుకు తుడుచుకుంటూ వచ్చి, ముందు ‘వద్దు’ మీద వేలు నొక్కి, ఆ తర్వాత “రామ్మా, కూర్చో” అనేది. నీలం చుక్క ఆరిపోయేది.

రోజుకు ఎన్ని ఇళ్లు తిరిగితే అన్నిసార్లు ఆరిపోయేది. అందులో నొచ్చుకోవలసిందేమీ లేదు. వచ్చిపోయేవాళ్లకు ‘వద్దు’ నొక్కమని ఇంటింటికీ నేర్పింది వకుళే.

రాజమండ్రి శివార్లలో ఉన్న ఆ కాలనీకి వంటగ్యాసు నేల కింద గొట్టాల్లో వస్తుంది. ఆ గ్యాసుకు వాసన లేదు. ఇదివరకు కుళ్లిన గుడ్డు కంపు కొట్టే మందు ఒకటి కలిపి పంపేవారు, ఎక్కడ లీకయినా ముక్కుకు తెలియాలని. ఆ మందు ఊపిరిపెట్టెలో గ్యాసును పసిగట్టే సన్నని పొరను తినేస్తోందని తేలాక, ప్రయోగం జరిగే ఈ ఒక్క కాలనీకి దాన్ని కలపడం మానేశారు. ముక్కు చేసే పని ఇక పెట్టే చేస్తుందన్నారు. ఆ పొరను కనిపెట్టింది పరంజ్యోతిగారు, వకుళ పనిచేసే చిన్న ల్యాబుకు పెద్ద. ఏజెన్సీ దారిలో ఉన్న పల్లెటూరి బడిలో చదువుకుని, డిప్లొమా పూర్తిచేసి వచ్చిన వకుళను ఆయన పనిలో పెట్టుకున్నది ఒకే కారణానికి. “ఈ అమ్మాయి మాట్లాడే దానికన్నా చూసేది ఎక్కువ” అనేవారు.

పెట్టెతో వచ్చిన చిక్కల్లా మనుషులే. మనిషి ఊపిరిలోనూ ఆ గ్యాసు ఛాయ ఉంటుంది. కడుపులో పుట్టి నోటి గుండా బయటికొస్తుంది. కొందరికి కొంచెం ఎక్కువే. వెంట్రుక మందాన ఉన్న లీకును కూడా పట్టాలంటే, ముందు ఇంట్లో మనుషులను లెక్కలోంచి తీసేయాలి. అందుకని పెట్టె ఇచ్చినరోజు ఇంటిల్లిపాదీ దాని మూతిలో ఒక్కొక్కరుగా ఊదారు. మనిషికొక పచ్చ చుక్క పడింది, ఊపిరిలో గ్యాసు ఎంతుంటే చుక్క అంత పెద్దది. జ్వరమొచ్చినా ఉపవాసమున్నా మనిషి ఊపిరి మారుతుంది కాబట్టి, ఆ మార్పులను కూడా పెట్టె రోజూ కొంచెం కొంచెం నేర్చుకునేది. తెలిసిన చుక్కలన్నీ తీసేశాక మిగిలినది ఊపిరంత పలచగా ఉంటే నీలం, అంతకు మించితే ఎరుపు, చెవులు చిల్లులు పడే కూత.

ప్రతి ఇంట్లో దీపాలవేళ ఇల్లాలు ఆ పెట్టె పట్టుకుని గదిగదికీ తిరిగేది. అలా తిరిగాకే దేవుడి దీపం వెలిగించడం ఆ కాలనీలో ఎవరూ చెప్పకుండానే ఆచారమైపోయింది.

“హారతి ఇస్తన్నావేంటే? ఆ మంత్రం కూడా చదువు, పన్లోపని” అని మొగుళ్లు వేళాకోళం చేసేవారు.

“నీ మీదకొస్తే ఎర్రగా వెలుగుతందేమో చూస్తన్నా” అని పెళ్లాలు అంటించేవారు.

ల్యాబులో ఇళ్లను చుక్కలతోనే పిలిచేవారు. అయిదు చుక్కల ఇల్లు, మూడు చుక్కల ఇల్లు. వకుళ అద్దెకుండే డాబా మీది గదికీ ఒక పెట్టె ఉంది. అది ఒంటి చుక్క ఇల్లు.

తాయారుగారిల్లూ అంతే. ఉండాల్సింది అంతే.

కాలనీ చివర కాలవకు దగ్గరగా ఉంటుందా ఇల్లు. గేటు మీద ఇప్పటికీ ‘తాయారు - అలివేలు, లేడీస్ టైలర్స్’ అన్న రేకు వేలాడుతోంది. అక్కచెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు. బట్ట కత్తిరించడం తాయారు, కుట్టడం అలివేలు. పెట్టెలు పంచడానికి కొన్ని నెలల ముందే అలివేలు జబ్బు చేసి పోయింది. తాయారుకు యాభై దాటాయి. ఇప్పటికీ బట్టలు తీసుకుంటుంది, కత్తిరిస్తుంది, ముక్కలు మడతపెట్టి బజార్లో ఇంకొక దర్జీకి పంపుతుంది. తను మాత్రం మిషను ఎక్కదు. మిషను అలివేలు గదిలో ఉంది. ఆ గది మూసి ఉంటుంది.

ఎండలు ముదురుతున్నప్పుడు, మూణ్ణెల్లకోసారి జరిగే తనిఖీకి వెళ్లిన వకుళకు ఆ ఇంటి పెట్టె తెర మీద రెండు పచ్చ చుక్కలు కనపడ్డాయి.

“చుట్టాలెవరైనా వచ్చారా అండీ?”

“చుట్టాలా! నా మొహానికి చుట్టాలు కూడానా?” అంది తాయారు, కత్తెర ఆపకుండా. మోకాళ్ల ముందు నీలం పట్టుబట్ట పరిచి ఉంది.

“రెండో చుక్క ఉందండీ.”

“అది మా అలివేలు.”

వకుళ గేటు మీది రేకు వైపు చూసి, మళ్లీ తెర వైపు చూసింది.

“నేనేం పిచ్చిదాన్ని కాదమ్మాయ్, అలా చూడకు” అంది తాయారు. “మొన్న దాని గది తలుపు తీశా, పోయాక మళ్లీ తీయడం అదే. చేతిలో ఈ పెట్టె ఉంది. అడుగెట్టానో లేదో నీలంగా వెలిగింది. గ్యాసయితే ఎరుపు, మనిషయితే నీలం అని చెప్పింది నువ్వే కదా. లోపల మనిషి లేదు. మరి ఊపిరెవరిది? చేర్చాలా అని అదే అడిగితే, ఈ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని వద్దంటానా?”

“దుప్పట్లకీ చీరలకీ పట్టిన వాసనలండీ అవి. కొన్నాళ్లు ఉంటాయి.”

“ఉన్నన్నాళ్లు ఉండనీ. నీకేం అడ్డం?”

అడ్డమే. మనిషి స్వయంగా ఊదని చుక్కను చెరిపేయాలి, నియమం అది. కానీ ఊదకుండా చేర్చే వీలు పెట్టెలో ఉండడానికి కారణం కూడా వకుళే. పసిపిల్లలు ఊదలేరు, మంచం పట్టినవాళ్లు ఊదలేరు, వాళ్లను ఇంటి లెక్కలో చేర్చుకోకుండా ఎలా వదిలేస్తాం సార్ అని పరంజ్యోతిగారిని అడిగింది తనే.

రెండో చుక్క మీద బొటనవేలు ఆనించింది. అది ఆవగింజంత ఉంది. చెరిపేస్తే ఇదీ ఒంటి చుక్క ఇల్లవుతుంది. సాయంత్రం గదిగదికీ తిరిగి, తెర మీద తనొక్కతే కనపడితే ఎలా ఉంటుందో వకుళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేలు తీసేసింది.

“మంచిదానివే” అంది తాయారు తలెత్తకుండా. “టీ పెట్టనా?”

*

శ్రావణం రాబోతుండగా మళ్లీ వెళ్లిన రోజున తాయారు గేటు దాకా ఎదురొచ్చింది. జడ వేసుకుంది. మొహం తేటగా ఉంది.

“రా రా, నీకోటి చూపించాలి” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పెట్టె తెర చూపించింది. “మొదట్లో ఆవగింజంత ఉండేదా? పోయిన నెల పెసరగింజంతయింది. ఇప్పుడు చూడు. శనగగింజ! బాగా దగ్గరికొచ్చిందమ్మాయ్ ఇది.”

వకుళ చూసింది. ఒకటో చుక్క, తాయారుది, ఎప్పుడూ ఉన్నంతే ఉంది. దాని పక్కన రెండోది గుండ్రంగా, నిండుగా ఉంది.

“రోజూ మధ్యాహ్నం భోంచేసి దాని గదిలో కూచుంటన్నా. ఎవరు ఏ బట్ట తెచ్చారు, ఎవరి కూతురు లావెక్కింది, అన్నీ చెప్తా. బయటికొచ్చాక తలుపు కింద సందులో గుడ్డపేలికలు కుక్కేస్తా. ఉన్న కాస్త గాలీ పోకుండా.”

“కిటికీ తీయరా అండీ?”

“తీస్తే పోదూ?”

తనిఖీలో భాగంగా వకుళ ఇంటి చుట్టూ తిరిగింది. పెట్టె పచ్చగానే ఉంది. పెరటివైపు, అలివేలు గది గోడ పొడుగునా కనకాంబరాల వరస. ఆ వరస మాత్రమే పసుపుబారి, ఆకులు వేలాడేసింది. జానెడు అవతల ఉన్న మల్లెపొద పచ్చగా ఉంది. వకుళ వంగి మట్టి తీసి చూసింది. తడిగానే ఉంది.

“రోజూ నీళ్లోస్తన్నా, అయినా ఎండిపోతన్నాయి” అంది తాయారు వెనకనుంచి. “అవి దాని మొక్కలు. బెంగెట్టుకున్నాయి.”

వెళ్లబోతుంటే గేటు దగ్గర ఆపింది.

“రేపు దాని సంవత్సరీకం. పొద్దుట్నుంచీ మౌనం పట్టాలనుకున్నా. దీపాలవేళ దాని గదిలో దీపం వెలిగించి, దాని పేరు పిలిచి అప్పుడు నోరు విప్పుతా. నువ్వూ రావాలి.”

“నేనా అండీ? నేనెందుకూ?”

“నిన్ను చూస్తే దానికి నచ్చుతావు. అదీ నీలాగే, కొత్తవాళ్ల దగ్గర నోరు పెగిలేది కాదు. నా దగ్గరయితే మాత్రం, అమ్మో! ఒక మాటంటే పది తిరిగొచ్చేవి.”

ఎవరైనా వకుళను పనిమీద కాకుండా రమ్మని పిలిచి చాలాకాలమైంది. వస్తానంది.

ఆ సాయంత్రం గదిలో అన్నం వండుకుని, మెట్ల మీద కూర్చుని తింటూ, ఆ శనగగింజను వకుళ మర్చిపోలేకపోయింది. చిన్నప్పుడు నానమ్మ పోయాక నానమ్మ దుప్పటి తనే కప్పుకుని పడుకునేది. మొదట కప్పుకోగానే పక్కలో నానమ్మ ఉన్నట్టే ఉండేది. తర్వాత మొహం ఆనించి వెతుక్కుంటే ఉండేది. తర్వాత ఒక మూల మడతలో ఉండేది. ఒకరోజున అది ఉట్టి దుప్పటి అయిపోయింది. ఆ రోజు ఏడ్చింది గానీ ఎవరికీ ఎందుకో చెప్పలేదు.

ఏ గదిలోనైనా జరిగేది అదే. పోయినవాళ్ల ఊపిరి తగ్గుతుంది.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

*

“సార్, మనిషి లేకుండా ఊపిరి పెరుగుతుందా?”

పరంజ్యోతిగారు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. “మనిషే లేకపోతే ఊపిరెక్కడిది, వకుళా?”

“మనిషి వదిలేసి పోయిన ఊపిరి, సార్.”

“అయితే తగ్గాలి. పెరిగిందంటే అది మనిషిది కాదు.” మాట అయ్యాక తల ఎత్తారు. “ఎందుకడిగావు?”

“చూసి చెప్తానండి” అంది. తన అనుమానం మీద తనకే పూర్తిగా నమ్మకం కుదరలేదు. చూడకుండా మాట్లాడడం ఆమెకు చేతకాదు.

గాజు అలమరలో ఒక కొత్త ఊపిరిపెట్టె పెట్టి, గొట్టం ద్వారా గ్యాసు రవ్వంత వదిలింది. మనిషి ఊపిరిలో ఉండేంతే. పెట్టె నీలంగా వెలిగింది. ‘కొత్త ఊపిరి. చేర్చాలా?’ అలమర పక్కనున్న రబ్బరు తొడుగులో చెయ్యి పెట్టి ‘చేర్చు’ నొక్కింది. పచ్చ చుక్క పడింది. లోపల గాలి తప్ప ఎవరూ లేని ఆ అలమర ఒంటి చుక్క ఇల్లయింది.

తర్వాత గ్యాసును కొంచెం పెంచింది. రోజుకొకసారి నేర్చుకునే పెట్టెను గబగబా నేర్చుకునేలా మార్చి, ఇంకొంచెం పెంచింది. భోజనానికి లేవలేదు. ఆవగింజ, పెసరగింజ, శనగగింజ. ఎర్రదీపం రాలేదు. ఈ మనిషికి ఒంట్లో బాగాలేదేమో, ఈ మనిషి ఇంతేనేమో అని ప్రతిసారీ సర్దుకుపోతూ, పెట్టె ఆ గ్యాసును ఇంటిమనిషిని క్షమించినట్టు క్షమిస్తూ పోయింది.

పొద్దు వాలుతుండగా గణగణమని గంట మోగింది. మోగింది పెట్టె కాదు. అలమర లోపల గోడకు ఎప్పటినుంచో బిగించి ఉన్న పాతకాలపు గ్యాసు అలారం. అగ్గిపుల్ల గీస్తే పేలేంత చేరితేనే మోగే మొద్దు యంత్రం. దాని కింద ఊపిరిపెట్టె పచ్చగా, నిమ్మకాయంత ఒక చుక్కతో, ప్రశాంతంగా ఉంది.

గాలిపంకా వేసి వకుళ అలమర ఖాళీ చేస్తుండగా పరంజ్యోతిగారు వచ్చి నిలబడ్డారు.

“మనిషనుకుంది” అన్నారు.

“మనమే అనుకోమన్నాం సార్.”

“ఏ ఇల్లు?”

“తాయారుగారిల్లు. గోడ పక్క మొక్కలు ఎండిపోయాయండి. నేల కింద గొట్టం పోయినట్టుంది. మట్టిలోంచి గదిలోకి ఎక్కుతోంది.” అప్పుడు కిటికీలోంచి బయట వెలుతురు చూసింది. “సార్, ఆవిడ ఈవేళ ఆ గదిలో దీపం పెడతారు. దీపాలవేళకి.”

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈరోజు తాయారు ఎవరు పిలిచినా పలకదు. మౌనం.

“నేను గ్యాసాఫీసు వాళ్లకి చెప్తాను, లైను కట్టేయిస్తాను” అన్నారాయన. “కానీ గదిలో ఇప్పటికే చేరింది…”

మిగతా మాట వినడానికి వకుళ అక్కడ లేదు.

*

ఆటో దిగి పరుగెత్తుకొచ్చిన వకుళ వేలు అలవాటుగా కాలింగ్‌బెల్ మీదకు పోయింది. పాముపిల్ల మీద పెట్టినట్టు వెనక్కి లాక్కుంది. బెల్లు నొక్కితే లోపల ఎక్కడో చిన్న నిప్పురవ్వ రాలుతుంది.

“తాయారుగారూ!”

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లింది.

కొత్తచీర కట్టుకున్న తాయారు అలివేలు గది ముందు నిలబడి ఉంది. తలుపు కింది గుడ్డపేలికలు లాగేసి పక్కన కుప్ప పోసింది. ఎడమచేతిలో నూనె పోసి వత్తి వేసిన మట్టిప్రమిద. కుడిచేతిలో పెట్టె, దాని కిందే బొటనవేలితో నొక్కిపట్టిన అగ్గిపెట్టె. తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. వకుళను చూసి ఆమె మొహం వికసించింది. వచ్చావా అన్నట్టు తలూపింది.

“దీపం వెలిగించకండి. గదినిండా గ్యాసుందండీ.”

తాయారు నవ్వి, పెట్టెను వకుళ మొహానికి ఎదురుగా పట్టింది. పచ్చదీపం. తెర మీద ఒక మూలకు ఒదిగిపోయిన ఒకటో చుక్క. సగం తెర ఆక్రమించి, వకుళ ఊపిరికి నీలం కూడా మొలవనీయని రెండోది. చూశావా ఎంత దగ్గరికొచ్చిందో అన్నాయి ఆమె కళ్లు.

“అది అలివేలుగారు కాదండీ.”

నవ్వు పోయింది. మాట్లాడొద్దన్నట్టు కనుబొమలు ముడిచింది. ప్రమిద కిటికీగూట్లో పెట్టి, అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీసింది.

ఆ చెయ్యి మాటలకు ఆగేది కాదని వకుళకు అర్థమైంది. ఇన్ని నెలలూ తాయారు నమ్మింది ఆ పెట్టెను. చెప్పాలంటే అదే చెప్పాలి. ఒక్క అంగలో వెళ్లి తలుపు దగ్గరికి లాగేసి, పెట్టె ఉన్న చేతిని పట్టుకుని, రెండో చుక్క మీద వేలు నొక్కిపట్టింది. అక్షరాలు వచ్చాయి. ‘ఈ ఊపిరిని చెరపాలా?’

తాయారు చదివింది. వకుళ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఒద్దు!”

పొద్దుట్నుంచీ చెల్లెలి పేరు కోసం దాచిపెట్టుకున్న నోరు ఆ మాటతో తెరుచుకుంది.

వకుళ ‘అవును’ నొక్కింది.

చుక్క పోయింది. తెర మీద తాయారు ఒక్కతే మిగిలింది. ఆ తర్వాత తెరంతా ఎర్రబారి, పెట్టె కూత పెట్టింది. వకుళ ల్యాబులో ఎన్నోసార్లు విన్న కూతే. ఒక ఇంట్లో వినడం మొదటిసారి. తాయారు చేతిలోంచి అగ్గిపెట్టె జారి, పుల్లలు నేలమీద చెల్లాచెదురయ్యాయి.

“పదండి బయటికి. ఏ స్విచ్చీ ముట్టుకోకండి.”

తాయారు కదల్లేదు. మూసిన తలుపు వైపు చూస్తోంది. వకుళ ఆమెను రెండు చేతులా చుట్టి, బలవంతంగా నడిపించి, వీధిలోకి తెచ్చింది.

*

గ్యాసు సంస్థ మనుషులు లైను కట్టేశారు. చుట్టుపక్కల పొయ్యిలన్నీ ఆర్పించారు. అలివేలు గది కిటికీని బయటినుంచే పగలగొట్టి తెరిచారు. కనకాంబరాలు పీకి గోడ పక్కన తవ్వితే, గొట్టాల అతుకు దగ్గర సన్నని బీట దొరికింది. వాసన కలిపిన గ్యాసయితే, ఆ బీట పడిన వారంలోనే వీధిలో పోయేవాడెవడో ముక్కు మూసుకుని ఉండేవాడు.

వీధికి అవతల కల్వర్టు గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. పగిలిన కిటికీలోంచి అలివేలు గది తెర బయటికి, లోపలికి ఊగుతోంది.

“పోతంది” అంది తాయారు. గ్యాసు సంగతి కాదు ఆమె అన్నది. ఆ గదిలో నిజంగా ఏదైనా మిగిలి ఉంటే, గ్యాసుతో కలిసి అదీ కాలవ మీదుగా పోతోంది.

“మొదటిసారే చెరపాల్సింది నేను” అంది వకుళ. “మీకు చెడ్డయినా చెరపాల్సింది.”

“అప్పుడు చెరిపితే ఈ జన్మలో నీ మొహం చూసేదాన్ని కాదు.”

“ఇప్పుడో అండీ?”

“తెలీదమ్మాయ్. ఇప్పుడే అడక్కు.”

తవ్విన మట్టి కుప్ప పక్కన ఎవరో పీకిపారేసిన మొక్కలను తొక్కుకుంటూ పోయారు.

“ఇన్నాళ్లూ గ్యాసుతో కబుర్లాడానన్నమాట” అంది ఉన్నట్టుండి. “నాకే అనుమానం రావాల్సింది. ఒక్కసారైనా ఎదురు చెప్పిందా? శేషారత్నం రవికెకి మెడ మరీ లోతుగా కత్తిరించానే అని చెప్తే ఊరుకుంది. మా అలివేలు ఊరుకునే మనిషా? నా దుంప తెంచేది!”

నవ్వింది. ఆ నవ్వు నడిమధ్యలో దారి తప్పింది. తల వాల్చుకోవడానికి పక్కన వకుళ భుజం తప్ప ఏమీ లేదు. వాల్చుకుంది. వకుళ కదలకుండా కూర్చుంది. ఒక మనిషి బరువు అలా తన మీద పడి ఎన్నాళ్లయిందో జ్ఞాపకం రాలేదు. తాయారు తలలోంచి కొబ్బరినూనె, కత్తిరించిన కొత్తబట్ట గంజి, చెమట కలిసిన వాసన వచ్చింది.

పరంజ్యోతిగారు చీకటి పడుతుండగా వచ్చారు. గొయ్యి చూశారు, కిటికీ చూశారు. తాయారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివరికి వకుళతో మెల్లగా అన్నారు.

“రేపట్నుంచి వాసన మళ్లీ కలుపుతారు. ఇళ్లలో పెట్టెలన్నీ వెనక్కి తెప్పించెయ్. ఎన్ని ఇళ్లలో ఇలా చేర్చుకున్నారో చూడాలి.”

“ఉంటాయి సార్, ఇంకా.”

“ఎందుకనుకుంటున్నావు?”

“అడిగింది కద సార్ అది. చేర్చాలా అని.”

పక్కింటి శేషారత్నమొచ్చి, “మా ఇంట్లో పడుకుందురుగాని రండి వదినా, పచ్చిపులుసేనా తిందురు” అని తాయారును లేవదీసింది. తాయారు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. వకుళ వైపు చూసింది. ఆమె వెంట వెళ్లిపోయింది.

*

డాబా మీది గదిలోకి వచ్చి వకుళ లైటు వేసింది. చెప్పులు విడిచి, చున్నీ మేకుకు తగిలించింది. గోడ మీది పెట్టెను అందుకుంది. రేపు దీన్నీ తిరిగి ఇచ్చేయాలి. చివరిసారిగా ఒకసారి గదంతా తిప్పుదామనుకుంది. తిప్పడానికి ఎంతో చోటు లేదు. పొయ్యి, మంచం, బట్టల పెట్టె, కిటికీ.

మేకు దగ్గరికి రాగానే తెర మీద, తన పచ్చ చుక్క పక్కన, నీలంగా ఒకటి మొలిచింది.

‘కొత్త ఊపిరి. చేర్చాలా?’

గదిలో ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. ఇక్కడ కూడానా? పొయ్యి దగ్గర వంగి గొట్టం తడిమి చూసింది. పెట్టెను అక్కడ పెడితే నీలం లేదు. కిటికీ దగ్గర లేదు. మళ్లీ మేకు దగ్గరికి తెస్తే ఉంది. చున్నీ దగ్గర. చున్నీ ఎడమ అంచు దగ్గర, భుజం మీద ఉండే చోట.

కొబ్బరినూనె. కొత్తబట్ట గంజి.

బొటనవేలు ‘చేర్చు’ మీదకు పోయింది. ఏ ఇంట్లోనూ తనకు ఎవరూ నొక్కని మాట అది. అక్కడే ఆగింది. ఈవేళ మధ్యాహ్నమంతా గాజు అలమర ముందు కూర్చుని ఏం చూసిందో వేలికి గుర్తుంది.

నొక్కలేదు. ‘వద్దు’ కూడా నొక్కలేదు. వెళ్లి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. కాలవ మీది గాలి లోపలికి వచ్చింది. చున్నీ అంచు కొంచెం కదిలింది. పెట్టెను దాని దగ్గర పట్టుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా వదులుతూ, చూస్తూ నిలబడింది.

చుక్క కొంచెంకొంచెంగా చిన్నదవుతోంది.

మనిషిదే.